హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు: 490 జంతువులు, ఒక సూత్రం, దాని హద్దు

1889 డిసెంబరులో హైదరాబాదు నుంచి లండన్‌లోని ‘లాన్సెట్’ వైద్య పత్రికకు ఒక తంతి వెళ్లింది. పంపినవాడు థామస్ లాడర్ బ్రంటన్. గుండెనొప్పికి అమిల్ నైట్రైట్ వాడవచ్చని 1867లో చూపి, మందుల శాస్త్రంలో పెద్ద పేరు తెచ్చుకున్న వైద్యుడు. కుక్కలు, గుర్రాలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కలిపి 490 జంతువులను పరీక్షించామని, వాటిలో 120 జంతువులకు మానోమీటర్ పెట్టి రక్తపోటు నమోదు చేశామని అందులో తెలియజేశాడు. క్లోరోఫాం వల్ల ప్రమాదం వస్తే అది ఊపిరాడకపోవడం వల్ల గానీ, మోతాదు మించడం వల్ల గానీ వస్తుందని, ఆ మందు గుండెను నేరుగా దెబ్బతీయదని తేల్చాడు. ఇరవై రెండేళ్ల తరువాత, 1911లో, ఆ తీర్పులోని రెండో సగం తప్పని ప్రయోగంతో రుజువైంది.

ఇంత పెద్ద పరీక్ష తప్పు సూత్రానికి ఎలా చేరింది? ఆ పని చేసినవాళ్లు అజాగ్రత్తపరులు కారు. చూసింది చూసినట్టే రాశారు, రక్తపోటు గీతలను ఫొటోలు తీయించి మరీ దాచారు. నా వాదన ఇది: వాళ్ల పరిశీలనలు చాలావరకు నిజమే. కానీ పరిశీలన నుంచి సూత్రానికి వెళ్లేటప్పుడు, సాక్ష్యం ఎంతవరకు తోడొస్తుందో అక్కడ ఆగకుండా ముందుకు వెళ్లారు.

కొన్ని సందర్భాలు చూసి అన్నిటికీ వర్తించే సూత్రం చెప్పడాన్ని తర్కశాస్త్రంలో ఇండక్షన్ అంటారు. రోగిని మెలకువ నుంచి మత్తులోకి దించే మొదటి కొద్ది నిమిషాలను మత్తు వైద్యులు కూడా ఇండక్షన్ అనే అంటారు. క్లోరోఫాం కింద హఠాత్తుగా పోయినవాళ్లలో చాలామంది ఆ నిమిషాల్లోనే పోయారు. ఇక ఆ కాలపు శరీరధర్మ ప్రయోగశాలల్లో నరాన్ని విద్యుత్తుతో కదిలించడానికి వాడిన సాధనం ఇండక్షన్ కాయిల్. ఒకే పేరుతో నడిచే మూడు వేరు వేరు సంగతులు హైదరాబాదులో ఒకే పరీక్ష దగ్గర కలిశాయి. అందుకే ఇండక్షన్ అనే మాటకు ఉన్న అర్థాలను విడిగా జాబితా రాయడం కన్నా ఈ ఒక్క ఉదంతాన్ని వివరంగా చూడటం మేలనిపించింది.

అర్థాల సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకు వెళ్తాను. తెలుగు పాఠ్యపుస్తకాలు తర్కంలో ఆగమనం అని, ఇంటర్ గణితంలో గణితానుగమనం అని, భౌతికశాస్త్రంలో విద్యుదయస్కాంత ప్రేరణ అని వేరు వేరుగా చెబుతాయి. మిగతా చోట్ల మాట మారదు. పాతబస్తీ పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రి లాంటి చోట గడువు దాటిన గర్భిణికి నొప్పులు రప్పించడం ఇండక్షన్. వంటింట్లో గిన్నె అడుగును అయస్కాంత క్షేత్రంతో వేడెక్కించే పొయ్యి ఇండక్షన్ స్టౌ. ఉభయచరాల పిండంలో ఒక కణజాలం పక్క కణజాలాన్ని నాడీవ్యవస్థగా మారేలా చేస్తుందని 1924లో హాన్స్ స్పెమాన్, హిల్డే మాంగోల్డ్ చూపినదీ ఇండక్షనే. ఇవన్నీ ప్రపంచంలో జరిగే మార్పులు: ఒకటి పక్కదానిలో మార్పు పుట్టిస్తుంది. తార్కికుడి ఆగమనం బుద్ధి చేసే పని. గణితానుగమనం పేరుకు దీని తోబుట్టువే గానీ స్వభావం వేరు. అక్కడ n నుంచి n+1కు వెళ్లే మెట్టు ముందే నిరూపితమై ఉంటుంది. 490వ జంతువు నుంచి 491వ దానికి వెళ్లే మెట్టును ఏ ప్రయోగశాలా అలా నిరూపించలేదు. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే తరువాతి కథ తేలిగ్గా అర్థమవుతుంది.

చార్మినార్ వైపు నుంచి నయాపూల్ మీదుగా మూసీ దాటితే ఉత్తరపు గట్టున అఫ్జల్‌గంజ్ వస్తుంది. అయిదో నిజాం అఫ్జలుద్దౌలా పేరు మీద వెలిసిన పేట. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రికి పూర్వరూపమైన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1866లో అక్కడ మొదలైంది. దానికి ఇరవై ఏళ్ల ముందే, 1846లో, హైదరాబాద్ మెడికల్ స్కూల్ ఏర్పడింది. అందులో ఇంగ్లిషు వైద్యాన్ని ఉర్దూలో చెప్పేవారు. చదువు ముగించినవారికి హకీం పట్టా ఇచ్చేవారు. ఈ స్కూలుకు, ఆసుపత్రికి 1880లలో పెద్దగా ఉన్నవాడు ఎడ్వర్డ్ లారీ. రెసిడెన్సీ సర్జన్ కూడా ఆయనే. ఎడింబరోలో జేమ్స్ సైమ్ దగ్గర శస్త్రచికిత్స నేర్చుకున్నాడు.

ఆ గురుశిష్య సంబంధం ఈ కథకు ముఖ్యం. 1847 నవంబరులో ఎడింబరోలోనే జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫాంను మత్తుమందుగా వాడుకలోకి తెచ్చాడు. మూడు నెలలైనా గడవకముందే, 1848 జనవరి 28న, ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ దగ్గర హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల అమ్మాయి కాలిగోరు తీయించుకోబోయి క్లోరోఫాం పీల్చిన కొద్ది నిమిషాల్లోనే చనిపోయింది. మోతాదు ఎక్కువేమీ కాదు. చికిత్సా పెద్దది కాదు. అలాంటి మరణాలు ఆ తరువాతా అరుదుగా జరుగుతూనే వచ్చాయి. ముందుగా ఆగేది ఊపిరా, గుండెనా? కలరా నీటి ద్వారా పాకుతుందని చూపిన జాన్ స్నో ఈ మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, హఠాన్మరణాల్లో దెబ్బ గుండెకే తగులుతోందని అభిప్రాయపడ్డాడు. సైమ్ బోధన అందుకు ఎదురు: ఊపిరిని గమనించు, నాడితో పనిలేదు. తరువాత గ్లాస్గో పరిశోధకులు క్లోరోఫాం గుండెను బలహీనపరుస్తుందని నివేదిక ఇచ్చారు. ఇంగ్లండ్‌లో చాలామంది నాడి మీద వేలు ఉంచే మత్తు ఇచ్చేవారు. లారీ మాత్రం గురువు మాటే పట్టుకున్నాడు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో తన విద్యార్థులకు అదే నేర్పాడు. తన చేతుల మీదుగా వేలమందికి క్లోరోఫాం ఇచ్చినా ఒక్క చావు లేదని చెప్పుకునేవాడు.

1888లో నిజాం ప్రభుత్వ సహాయంతో లారీ మొదటి క్లోరోఫాం కమిషన్ ఏర్పాటు చేయించాడు. ప్యాట్రిక్ హెహిర్ తదితరులు వంద పైచిలుకు కుక్కల మీద ప్రయోగాలు చేశారు. ప్రతిసారీ ముందు ఊపిరి ఆగిందని, గుండె ఆ తరువాతే ఆగిందని వాళ్లు తేల్చారు. ‘లాన్సెట్’ దీన్ని నమ్మలేదు. గ్లాస్గోలో కనబడినది హైదరాబాదులో ఎందుకు కనబడదని అనుమానించింది. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం ఒక ప్రతిపాదన చేసింది: మీకు నమ్మకమున్న నిపుణుడిని మీరే పంపండి, వెయ్యి పౌన్లు మేమిస్తాం, ఆయన కళ్లెదుటే పరీక్షలు మళ్లీ చేద్దాం. ‘లాన్సెట్’ బ్రంటన్‌ను ఎంచుకుంది.

ఈ ప్రతిపాదనను తక్కువగా చూడకూడదు. సందేహించినవాడినే ఖర్చు పెట్టి పిలిపించి పరీక్షలో కూర్చోబెట్టడం నేటికీ అరుదు. పైగా బ్రంటన్ హైదరాబాదుకు వచ్చేటప్పటికి లారీ పక్షం కాడు. గుండెకు ప్రమాదం ఉందనే ఆయన బోధించేవాడు. ఇక్కడ చూసిన సాక్ష్యం ఆయన మనసు మార్చింది. ముందే ఒక అభిప్రాయం పెట్టుకుని దానికి తగిన ఫలితాలు ఏరుకున్నాడనే నింద ఆయనకు అంటదు.

రెండో కమిషన్ 1889 చివరి నెలల్లో పనిచేసింది. బ్రంటన్, లారీతో పాటు గెరాల్డ్ బామ్‌ఫర్డ్, డాక్టర్ రుస్తంజీ అందులో సభ్యులు. పరీక్షలు రెండు రకాలుగా సాగాయి. ఎక్కువ జంతువులకు క్లోరోఫాం ఇచ్చి, ఊపిరి ఎప్పుడు ఆగింది, గుండె ఎప్పుడు ఆగింది అని చూసి, విని రాసుకున్నారు. మిగతా వాటిలో ధమనికి గొట్టం అమర్చి, దాన్ని పాదరసపు మానోమీటర్‌కు కలిపారు. పాదరసం మీద తేలే పుల్ల తిరిగే డ్రమ్ము మీద గీత గీస్తుంది. దాన్ని కైమోగ్రాఫ్ అంటారు. కార్ల్ లుడ్విగ్ 1847లో రూపొందించిన ఈ యంత్రం వచ్చాకే గుండె పనిని కాగితం మీద చూడటం సాధ్యమైంది. మెడలోని వేగస్ నరాన్ని విద్యుత్తుతో కదిలిస్తే గుండె నెమ్మదిస్తుంది, కాసేపు ఆగుతుంది కూడా. క్లోరోఫాం మరణాలకు ఆ నరమే కారణమేమో అన్న అనుమానాన్నీ పరీక్షించారు. ఫారడే 1831లో కనిపెట్టిన ప్రేరణ సూత్రం మీద నడిచే కాయిల్ ఇలాంటి ప్రయోగాలకు పనికొచ్చేది. ఒక తీగచుట్టలో విద్యుత్తు తెగి కలిసినప్పుడల్లా పక్క చుట్టలో చిన్న చిన్న విద్యుత్ ఘాతాలు పుడతాయి. రెండు చుట్టల మధ్య దూరాన్ని జరిపి ఘాతం బలాన్ని తగ్గించవచ్చు, పెంచవచ్చు. వేగస్ వల్ల ఆగిన గుండె మళ్లీ కొట్టుకోవడం మొదలుపెట్టింది. కాబట్టి అది ప్రమాదం కాదు, పైగా ఒక రక్షణ అని కమిషన్ రాసింది.

మోతాదు పెంచుతూ పోయినప్పుడు రక్తపోటు పడిపోవడం, ఊపిరి ఆగడం, ఆ తరువాత కొద్ది నిమిషాలు గుండె కొట్టుకుంటూ ఉండటం మళ్లీ మళ్లీ కనబడింది. ఊపిరి ఆగీ ఆగగానే కృత్రిమ శ్వాస అందిస్తే చాలా జంతువులు కోలుకున్నాయి. శస్త్రచికిత్స తగిలించే షాక్ వల్ల మరణాలు వస్తున్నాయేమో అని కూడా చూశారు. సగం మత్తులో ఉన్న జంతువుల మీద ప్రమాదకరమని పేరున్న కోతలు చేశారు. అవీ గుండె ఆగి చావలేదు. ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే కమిషన్ తేలిక మత్తును అసలు పట్టించుకోలేదని తోసెయ్యడం న్యాయం కాదు. నోరులేని ఇన్ని జీవులు ఇందులో ప్రాణం పోగొట్టుకున్నాయన్న బాధ ఈ నివేదిక చదివిన ప్రతిసారీ కలుగుతుంది. వాటి చావులకు విలువ ఇవ్వాలంటే కనీసం వాటి నుంచి తీసిన పాఠాన్ని సరిగా తీయాలి.

నివేదిక 1890లో ‘లాన్సెట్’లో వచ్చింది. మత్తు ఇచ్చేవాడు ఊపిరిని మాత్రమే చూడాలి, నాడి చూస్తూ కూర్చుంటే అతని దృష్టి అసలు ప్రమాదం నుంచి తప్పుతుంది అన్నది దాని సారం.

వెంటనే ఎదురు సాక్ష్యం వచ్చింది. అబర్‌డీన్‌లో జాన్ మెక్‌విలియం అదే ఏడాది పిల్లుల మీద ప్రయోగాలు చేసి, ఊపిరి ఆగకముందే క్లోరోఫాం వల్ల గుండె వ్యాకోచించి బలహీనపడుతోందని చూపాడు. మనుషుల్లో హఠాన్మరణానికి జఠరికలు లయ తప్పి కంపించిపోవడం కారణం కావచ్చని 1889లోనే రాసినవాడు ఆయన. ఆ కంపాన్నే ఇప్పుడు ఫిబ్రిలేషన్ అంటున్నాం. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ మరో దారి పట్టారు. ఒక జంతువు రక్తాన్ని మరో జంతువు మెదడుకు మళ్లించి, క్లోరోఫాం మెదడుకు మాత్రమే చేరేలా ఒకసారి, గుండెకు మాత్రమే చేరేలా మరోసారి ఏర్పాటు చేశారు. గుండెకు చేరినప్పుడే రక్తపోటు పడిపోయింది. రక్తపోటు పతనం మెదడులోని కేంద్రం వల్ల వచ్చేది, దాని వల్ల ముప్పు లేదు అన్న హైదరాబాదు వివరణ అక్కడ నిలబడలేదు. మరుసటి ఏడు లియొనార్డ్ గుత్రీ పిల్లల్లో ఇంకో ప్రమాదాన్ని గుర్తించాడు. క్లోరోఫాం నుంచి మామూలుగా మేలుకున్న బిడ్డలు కొందరు కొద్ది రోజులకు కాలేయం చెడి చనిపోతున్నారు. బల్ల మీద నిమిషాల లెక్కన చేసిన ఏ పరీక్షకూ అది దొరికేది కాదు.

అసలు ముడి విప్పినవాడు గుడ్‌మన్ లెవీ. 1911లో థామస్ లూయిస్‌తో కలిసి ఆయన ప్రచురించిన పరిశోధనలో పిల్లులకు కొద్ది పాటి క్లోరోఫాం ఇచ్చినప్పుడు గుండె లయ తప్పడం నమోదైంది. ఆ తేలిక మత్తులో అడ్రినలిన్ తోడైతే జఠరికలు ఫిబ్రిలేషన్‌లోకి వెళ్లి జంతువు అక్కడికక్కడే చనిపోయేది. మత్తు గాఢంగా ఉన్నప్పుడు అలా జరిగేది కాదు. పైపైన ఇచ్చి, ఆపి, మళ్లీ ఇవ్వడం ప్రమాదమని కూడా లెవీ చూపాడు. హానా గ్రీనర్ లాంటివారి మరణాలు ఇప్పుడు అర్థమయ్యాయి. భయంతో వణుకుతున్న మనిషి రక్తంలో అడ్రినలిన్ తన ఒంట్లోంచే ఊరుతుంది. మత్తు ఇంకా గాఢం కాలేదు. మోతాదు తక్కువగా ఉన్న ఇండక్షన్ నిమిషాలే అన్నిటికన్నా అపాయకరమైనవి.

కమిషన్ పరీక్షల్లో అత్యధిక భాగం మోతాదు పెంచుతూ చంపేవి. లెవీ లెక్క ప్రకారం గాఢమైన మత్తు ఫిబ్రిలేషన్ నుంచి కాపాడుతుంది. అంటే తాము వెతుకుతున్న మరణం కనబడే అవకాశం తక్కువగా ఉన్న చోటే వాళ్లు ఎక్కువసేపు వెతికారు.

ఇక సంఖ్య సంగతి. 490 అంటే పెద్ద లెక్కలా వినిపిస్తుంది. ఒక ఘటనను n సార్లు వెతికి ఒక్కసారీ చూడకపోతే, దాని అసలు రేటు 3/n దాకా ఉండవచ్చని 95 శాతం నమ్మకంతో చెప్పవచ్చునని నేటి గణాంకశాస్త్రంలో ఒక చిన్న సూత్రం ఉంది. 490కి అది సుమారు 163లో ఒకటి. కానీ మనుషుల్లో క్లోరోఫాం మరణాలపై ఆ కాలపు అంచనాలు సుమారు మూడు వేలకు ఒకటి చుట్టూ తిరిగేవి. మూడు వేలకు ఒక్కసారి జరిగేదాన్ని 490 ప్రయత్నాల్లో అసలు చూడకపోయే సంభావ్యత ఎంత? లెక్క వేస్తే సుమారు 85 శాతం. అంటే కుక్క గుండె, మనిషి గుండె అచ్చంగా ఒకటే అనుకున్నా, ప్రతి పరీక్షా సరైన పరిస్థితిలోనే జరిగిందనుకున్నా, ప్రమాదం నిజంగా ఉండి కూడా కమిషన్‌కు కనబడకపోవడమే ఎక్కువ సహజం. 95 శాతం నమ్మకానికి సుమారు తొమ్మిది వేల పరీక్షలు కావాలి. ఈ సూత్రం ఆనాటివారికి అందుబాటులో లేదు, కాబట్టి వాళ్లను తప్పుపట్టడానికి దీన్ని వాడటం లేదు. ఒక ప్రతికూల ఫలితం బరువు ఎంతో కొలవడానికే వాడుతున్నాను.

వేలమందిలో చావు లేదన్న లారీ మాట దీనికి ఎదురు నిలబడదా? నిలబడుతుంది, కొంతవరకు. కానీ అది వేరే రకం సాక్ష్యం. ఒక గురువు, అతను తర్ఫీదు ఇచ్చిన శిష్యులు, ఒకే పద్ధతి. ఊపిరి మీదే దృష్టి పెట్టి, ఆపి ఆపి కాకుండా వరసగా ఇవ్వడం వల్ల వాళ్ల చేతిలో క్లోరోఫాం నిజంగానే తక్కువ ప్రమాదకరంగా ఉండి ఉండవచ్చు. లెవీ ఫలితాలకు అది అనుగుణమే. అలాగైతే లారీ అనుభవం ‘ఈ పద్ధతిలో ఇస్తే ప్రమాదం తక్కువ’ అన్న మాటకు బలమిస్తుంది. ‘క్లోరోఫాం గుండెను తాకదు’ అన్న మాటకు ఇవ్వదు. ఈ రెండు మాటల మధ్య దూరమే ఈ వ్యాసానికి కేంద్రం.

ఆ దూరాన్ని కొలిచే పనిముట్లు మన దగ్గర చాలాకాలంగా ఉన్నాయి. పదిహేడో శతాబ్దంలో ఆంధ్రదేశం నుంచి కాశీకి వెళ్లి స్థిరపడిన అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’, దానికి తానే ‘దీపిక’ అనే వ్యాఖ్య రాశాడు. సంస్కృతం చదువుకునేవారికి న్యాయదర్శనంలో తొలి మెట్టు ఇప్పటికీ ఆ పుస్తకమే. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందని వంటింట్లోనూ ఇతర చోట్లా పదే పదే చూసి మనిషి వ్యాప్తిని, అంటే ఒకటి ఉన్నచోట రెండోది తప్పక ఉంటుందన్న నియమాన్ని, గ్రహిస్తాడని ఆయన చెబుతాడు. వెంటనే దీపికలో ఒక ఆక్షేపణ తెస్తాడు. మట్టి ద్రవ్యంతో అయినదల్లా ఇనుముతో గీస్తే గీత పడుతుందని వందసార్లు చూడవచ్చు, కానీ వజ్రం దగ్గర ఆ మాట చెల్లదు. మరి పదే పదే చూసినంత మాత్రాన నియమం ఎలా దొరుకుతుంది? ఆయన ఇచ్చే జవాబు సూక్ష్మమైనది: రెండూ కలిసి ఉండటం తెలియడమే చాలదు, తప్పిన సందర్భం తెలియకపోవడం కూడా దానికి తోడు ఉండాలి. సందేహం ఉంటే తర్కంతో తొలగించుకోవాలి. వజ్రాలకు పేరుపడ్డ గోల్కొండ రాజ్యం ఉన్న శతాబ్దంలో తెలుగువాడు ఎంచుకున్న ఉదాహరణ అది.

న్యాయదర్శనంలో ఉపాధి అనే భావన కూడా ఉంది. పొగ ఉంటే నిప్పు ఉంటుంది సరే, నిప్పు ఉంటే పొగ ఉంటుందా? ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంది, పొగ లేదు. పొగ రావాలంటే తడి కట్టె కూడా ఉండాలి. నియమంలో పైకి చెప్పకుండా దాగిన ఆ తడి కట్టె ఉపాధి. కమిషన్ వాదాన్ని ఈ గీటురాయి మీద పెట్టి చూద్దాం. క్లోరోఫాం ఉంది, గుండె ముందుగా ఆగలేదు. అది నిజం. కానీ అందులో దాగిన నిబంధనలు ఎన్ని? గాఢమైన మత్తు, ఆపకుండా ఇచ్చిన మోతాదు, ఎక్కువగా కుక్కలు, శస్త్రచికిత్స గురించి ముందే భయపడే మనిషి కాకపోవడం. వీటిలో ఏదైనా మారితే నియమం నిలవకపోవచ్చు. మెక్‌విలియం, లెవీ పిల్లులను ఎంచుకున్నారు. లెవీ మత్తును తేలిక చేశాడు, అడ్రినలిన్ కలిపాడు. తడి కట్టెను తీసి చూసిన ప్రయోగం అది. గ్లాస్గో ఫలితాలు తప్పిన సందర్భంగా ముందే ఉండగా, వాటిని పూర్తిగా వివరించకుండా సూత్రం ప్రకటించడం కమిషన్ చేసిన అసలు లోపం అని నా అభిప్రాయం.

అఫ్జల్‌గంజ్‌కు కొద్ది మైళ్ల దూరంలోనే దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే ఉదాహరణ ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదు బేగంపేటలో రోనాల్డ్ రాస్ మలేరియా రోగిని కుట్టిన దోమ పొట్టలో రంగుగల కణాలను చూశాడు. అదే ఏడాది డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఆయన వ్యాసం రెండు దోమల గురించే. శీర్షికలో కూడా వాటిని విచిత్రమైన రంగు కణాలు అన్నాడే గానీ మలేరియాకు దారి దొరికిందని అనలేదు. అంతకుముందు ఎన్నో దోమలను కోసి చూసి, ఇతర జాతుల్లో ఏమీ దొరకక విసిగి ఉన్నాడు కాబట్టి ఆ రెండు దోమలకు అంత విలువ వచ్చింది. మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మలేరియా మీద, జబ్బున్న పక్షులనూ లేని పక్షులనూ పోల్చి చూస్తూ గొలుసు పూర్తిచేశాడు. 490 జంతువులు దారి తప్పించాయి, రెండు దోమలు దారి చూపాయి. సంఖ్య పనికిరాదని దీని అర్థం కాదు. ఏ పరిస్థితిని మార్చి చూశాం, దేనితో పోల్చాం, ఎంతవరకు చెప్పి ఆగాం అన్నవి సంఖ్య కన్నా ముందు అడగాల్సిన ప్రశ్నలు.

కమిషన్ చెప్పినదంతా తీసిపారేయదగింది కాదు. మోతాదు మించితే ఊపిరి ముందు ఆగుతుందన్నది నిలిచింది. ఊపిరి మీద కన్ను వేసి ఉంచాలన్న బోధ నేటి ఆపరేషన్ థియేటర్‌లోనూ ఉంది. రోగి వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే యంత్రం అదే పని చేస్తుంది. దాని పక్కనే ఇసిజి తెర గుండె లయను చూపిస్తుంది, వేలికి తొడిగిన క్లిప్పు నాడిని, రక్తంలో ఆక్సిజన్‌ను చూపిస్తుంది. సైమ్ శిష్యులూ స్నో పక్షమూ పడిన గొడవకు వైద్యం ఇచ్చిన జవాబు రెండింటినీ చూడమనే. క్లోరోఫాం మాత్రం ఇరవయ్యో శతాబ్దం నడిమికల్లా థియేటర్ల నుంచి తప్పుకుంది.

ఈ పరీక్షల చరిత్రలో నిలవాల్సిన మరో పేరు రూపాబాయి ఫర్దూన్‌జీ. 1885లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చేరిన తొలి మహిళా విద్యార్థుల్లో ఒకరు. 1889లో హకీం పట్టా పుచ్చుకున్నారు. లారీ దగ్గర క్లోరోఫాం ఇవ్వడం నేర్చి, కమిషన్ పనిలోనూ పాలుపంచుకున్నారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా వైద్యచరిత్రకారులు ఆమెను పేర్కొంటారు. 1909లో ఎడింబరో వెళ్లి చదువుకుని వచ్చి, మళ్లీ హైదరాబాదు ఆసుపత్రుల్లోనే పనిచేశారు. కమిషన్ సూత్రం తప్పయినా, మత్తు ఇవ్వడం ప్రత్యేకంగా నేర్చుకోవాల్సిన విద్య అన్న ఎరుక ఆ ఆసుపత్రిలో అంత ముందుగా పుట్టిందనడానికి ఆమె జీవితమే రుజువు.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని ముంచెత్తింది. ఆసుపత్రి కాగితాల్లో ఎన్ని మిగిలాయో నాకు తెలియదు. నిజాముల కాలపు ప్రభుత్వ దస్త్రాలకు తార్నాకలోని రాష్ట్ర పురాలేఖన సంస్థ ఉంది. ఆనాటి విద్యార్థుల నోటుపుస్తకాలు, హకీం పట్టాలు, ఉర్దూ వైద్య పాఠ్యపుస్తకాలు ఉంటే మాత్రం అవి ఇళ్లల్లోనే ఉండాలి. లారీ శిష్యులు రోజువారీ పనిలో క్లోరోఫాం ఎలా ఇచ్చేవారో, ఎవరెవరు ఆ పని నేర్చుకున్నారో అచ్చయిన నివేదికల కన్నా ఆ కాగితాలే బాగా చెప్పగలవు. పాతబస్తీలో, చాదర్‌ఘాట్‌లో, సుల్తాన్‌బజార్‌లో పాత వైద్య కుటుంబాల వారసులు ఎవరైనా ఇది చదివితే, మీ పెట్టెల్లో అలాంటి కాగితాలు దొరికితే, దయచేసి పారేయకండి. తార్నాకకు తీసుకెళ్లి ప్రతులు తీయించండి.